టార్గెట్, యాక్చువల్, రిమార్క్స్

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు వేలాడుతూ ఉంటుంది. దాని మీద తెల్ల పెయింటుతో మూడు గళ్ళు గీసి, పైన టార్గెట్, యాక్చువల్, రిమార్క్స్ అని రాసి ఉంటుంది. లారీలకు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో మా ఆయన ముప్ఫై మూడేళ్ళు పనిచేశాడు. పదిహేనేళ్ళ కిందట ఆయన లైన్ మూసేసి, ఆయన్ని వేరే షెడ్డుకి మార్చిన రోజున, తుక్కులో పడేసిన ఈ బోర్డుని అడిగి మరీ తెచ్చుకున్నాడు. స్కూటర్ వెనక కూర్చుని పట్టుకోవడానికి నన్ను గేటు దాకా పిలిపించాడు కూడా. ఈ చెత్త ఇంట్లో ఎందుకండీ అని ఆ రోజే అడిగాను. ఎప్పుడో పనికొస్తుందన్నాడు. పదమూడేళ్ళు మంచం కింద దుమ్ము తిన్నాక నిజంగానే పనికొచ్చింది. నా జబ్బుకి.

రొమ్ము క్యాన్సరుకి ఆపరేషన్ అయి, కీమో అయి, మా చర్చి సంఘంలో అందరూ స్తోత్రం చెప్పుకుని, నేను మళ్ళీ బడికి వెళ్ళి నాలుగో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను. అలా నాలుగేళ్ళు గడిచాక అది తుంటి ఎముకలో మళ్ళీ కనిపించింది. డాక్టరమ్మ ఈసారి కోయనూ లేదు, కీమో ఎక్కించనూ లేదు. మాత్రలు రాసింది. రోజుకొకటి చొప్పున ఇరవై ఒక్క రోజులు వేసుకోవాలి, ఏడు రోజులు మానాలి, రక్తం పరీక్ష చేయించి మళ్ళీ మొదలుపెట్టాలి. దానితోపాటు హార్మోను మాత్ర రోజూ ఉంటుంది. "యే టార్గెటెడ్ థెరపీ హై. జబ్ తక్ కామ్ కరేగీ, తబ్ తక్ చలేగీ" అంది. పనిచేసినంత కాలం వాడుతూనే ఉండాలని దానర్థం. ఇంత చిన్న వాక్యం అర్థం కాని వాళ్ళు జంషెడ్‌పూర్‌లో ఎవరూ ఉండరు.

మా ఆయన మాత్రం అందులోంచి ఒకే ఒక్క మాట ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. టార్గెట్.

ఆ సాయంత్రమే మంచం కింద నుంచి బోర్డు బయటికొచ్చింది. తడిగుడ్డతో తుడిచి, గోడకి మేకు కొట్టి తగిలించి, టార్గెట్ కింద 21 అని రాశాడు. "ఇరవయ్యొకటి ప్రొడక్షను, ఏడ్రోజులు క్లోజరు. ఇదేటి మనకి తెలీని యవ్వారమా?" అన్నాడు, ఏదో కొత్త ఉద్యోగం దొరికినట్టు. పెద్ద ఫ్యాక్టరీలో లారీలు అమ్ముడుపోనప్పుడు వారం రోజులు పని ఆపేస్తారు. అప్పుడు వీళ్ళ చిన్న కంపెనీ కూడా ఆపుకోవాల్సిందే. దాన్ని ఈ ఊళ్ళో క్లోజర్ అంటారు. నేను మాత్ర వేసుకోని ఏడు రోజులకి మా ఇంట్లో అదే పేరు స్థిరపడింది. రక్తంలో తెల్లకణాలు తగ్గితే "మేన్‌పవర్ షార్టేజీ". కొత్త డబ్బా వస్తే "మెటీరియల్ వొచ్చింది". ఆయన రిటైరై ఇంట్లో కూర్చున్నాక పరిస్థితి మరీ విషమించింది. అప్పటికి ఆయన చేతికింద మిగిలిన మెషీను నేనొక్కదాన్నే.

పొద్దున్న టిఫిను అయ్యీ అవగానే నా ఎదురుగా గ్లాసుతో నిలబడతాడు. "ఏస్కున్నావేటి?" అని అడుగుతాడు. చూస్తూనే ఉన్నాడు కదా, అయినా అడుగుతాడు. నేను మింగాక వెళ్ళి యాక్చువల్ కింద అంకె మారుస్తాడు. ఇరవై ఒకటో రోజున సుద్దముక్కతో కింద రెండు గీతలు గీసి, ఆ ఆదివారం గుళ్ళో అందరితో "ఈ నెల టార్గెట్ అయిపోనాది" అని చెప్తాడు. వాళ్ళు నా చేతులు పట్టుకుని, ఇంకెన్ని నెలలు వాడాలమ్మా అంటారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే "ఇంకొక్క ఏడాది" అంటాడు. ఆ ఏడాది ఎవరిచ్చారో ఆయనకే తెలియాలి. పన్నెండు నెలలు గడిచాక కూడా ఇంకొక్క ఏడాదే అన్నాడు.

నేనెందుకు సరిదిద్దలేదని అడగొచ్చు. సరిదిద్దాలంటే, ఇది అయిపోయేది కాదు అన్న ముక్క నా నోటితో నేనే పైకి అనాలి. కోపం తెచ్చుకోవడం దానికన్నా తేలిక. అందుకని కోపం తెచ్చుకుంటూ వచ్చాను.

ఆ మందు నన్నేం చేసిందో ఇప్పుడు చెప్తాను, ఎవరూ అడగలేదు కనక. నోరు పూసింది. మామూలు నోటిపూత అయితే నాలుగు రోజుల్లో పోతుంది. ఇది మూడు వారాలుండి, క్లోజర్‌లో కాస్త మానినట్టు మాని, కొత్త డబ్బా తెరవగానే తిరిగొచ్చేది. బుగ్గల లోపల, నాలుక అంచున, పెదవి కింద పుండ్లు. పచ్చిమిరపకాయ మాట దేవుడెరుగు, చారులో వేసిన మిరియం కూడా కళ్ళలో నీళ్ళు తెప్పించేది. సిక్కోలు నుంచి మా తాత ఈ ఊరొచ్చినప్పుడు మూటలో కట్టుకొచ్చింది బట్టలు కాదు, ఎండుమిరపకాయలు అని మా నాయనమ్మ చెప్పేది. ఆ ఇంటి పిల్లని నేను. రెండేళ్ళుగా పెరుగన్నం తింటున్నాను.

తినడం సరే, పాఠం చెప్పాలి కదా. మా బళ్ళో ఎక్కాలు హిందీలో చెప్పిస్తాం. పదిహేడో ఎక్కం దగ్గర సత్రహ్, చౌంతీస్, ఇక్యావన్ అని నలభై మంది పిల్లలతో గొంతు కలపాలి. సకారం పలికిన ప్రతిసారీ నాలుక వెళ్ళి పుండుకి తగిలేది. రెండంకెలయ్యాక పిల్లలకి సైగ చేసి ఊరుకునేదాన్ని. వాళ్ళు గోల చేసేవాళ్ళు. ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో నిలబడి చూసి, ఆఫీసు పని చేసుకుంటారా, క్లాసు ఇంకెవరికైనా ఇద్దాం అని మెత్తగా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళుగా పట్టుకున్న సుద్దముక్క అది. ఆ క్లాసుని వదులుకోవాల్సి వస్తే ఈ మందు నన్ను దేనికోసం బతికిస్తున్నట్టు?

ఇక ఆ హార్మోను మాత్ర. పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచితేగాని గ్యాస్ లైటరు నొక్కలేను. డిసెంబరులో బడి ప్రార్థన జరుగుతుంటే, టీచర్లందరూ రెండేసి స్వెటర్లలో ముడుచుకుని నిలబడితే, నాకు లోపల్నుంచి ఆవిరి ఎగదన్ని శాలువా, స్వెటరు, స్కార్ఫు ఒక్కొక్కటే విప్పుకుంటూ నిలబడేదాన్ని. పిల్లలకి అదో వినోదం.

వీటన్నిటినీ మించిన బాధ నా జుట్టు. ఊడిపోలేదు! పలచబడిందంతే. గుండు కనబడకపోతే ఈ లోకం దృష్టిలో జబ్బే లేదు. "జుట్టు బాగానే ఉంది కదమ్మా, మొహంలో కళ వొచ్చింది" అంటారు. ఆ కళ జ్వరం లేని వేడి. నోరు చూపిస్తే "ఏడి సేసింది, సబ్జా గింజలు తాగు" అంటారు. ఒకావిడ జామచిగుళ్ళు నమలమంటుంది, ఇంకొకావిడ నెయ్యి రాయమంటుంది. ఇద్దరూ మళ్ళీ ఆదివారం కనిపించి రాశావా, నమిలావా అని నిలదీస్తారు. నమిలాను, రాశాను, తాగాను. ఇకనైనా వదిలేయండి.

డాక్టరమ్మకి ఇవన్నీ చెప్పొచ్చు కదా అంటారు. చెప్పడానికి కుర్చీలో నా పక్కన ఆయన ఉంటాడు. ఆవిడ "కైసీ హైఁ ఆప్?" అని నన్నే అడుగుతుంది. మా ఆయన ముందుకి వంగి "సబ్ ఠీక్ హై మేడమ్, టార్గెట్ పూరా" అంటాడు. ఆవిడ రక్తం రిపోర్టు చూస్తుంది, స్కాను చూస్తుంది, ఎముకలో మచ్చ పెరగలేదని సంతోషపడి చీటీ రాస్తుంది. ఆ గదిలో నేను పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను. ఆయన మీద నెపం పెడుతున్నాను గాని, నాకూ ఒక పిరికితనం ఉంది. బాధ ఉందంటే ఉన్న మందు కూడా ఆపేస్తారేమోనని.

ఈ గొడవల మధ్యలోనే ద్రాక్ష గొడవ. మందు డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కంపెనీ సర్క్యులర్ చదివినట్టు చదివాడు. ఒక చోట ఆగి స్కేలు పెట్టి గీత గీశాడు. "గ్రేప్‌ఫ్రూట్ తినకూడదంట. ఇకనుంచి ద్రాక్షపళ్ళు బంద్" అన్నాడు. గ్రేప్ అంటే ద్రాక్ష అని, ఫ్రూట్ అంటే పండు అని నాకూ తెలుసు. నేనూ తలూపాను. రాంచీలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్‌లో "వో అలగ్ చీజ్ హై శాయద్, దేఖ్ లేనా" అంది, అది వేరే పండేమో చూసుకోమని. మేము చూడలేదు. టీచర్ని నేను, చూడలేదు.

ద్రాక్షపళ్ళు తినకపోతే ప్రాణమేం పోదు. కాని మేము క్రైస్తవులం. నెలలో మొదటి ఆదివారం ప్రభుబల్ల. రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఆ నెల ట్రే నా ముందుకి రాగానే మా ఆయన వరస అవతల నుంచి గట్టిగా దగ్గి తల అడ్డంగా ఊపాడు. నేను రొట్టె తీసుకుని, గ్లాసు తీసుకోకుండా ట్రే పక్కకి పంపాను. పంపించిన చెయ్యి వెనక్కి తీసుకునేలోపే వెనక వరసలో గుసగుస మొదలైంది. బల్ల దగ్గర గ్లాసు వదిలేసిందంటే దానర్థం మా వాళ్ళలో ఒకటే, మనసులో ఏదో పెట్టుకుంది, ఎవరితోనో తెగిపోయింది. స్త్రీల సమాజం పెద్దమ్మగారు గేటు దగ్గర నన్ను ఆపి, "ఏటమ్మా, దేవుడి మీద కోపమొచ్చిందేటి?" అని మెల్లిగా అడిగింది. డబ్బా కాగితం సంగతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "యేసురక్తానికి సైడెఫెక్టేటమ్మా!" అంది. అలా పద్నాలుగు నెలలు నేను సగం బల్ల తీసుకున్నాను. నాకు ఏడుపొచ్చేది. ఇంట్లో ఏమైనా అంటే ఆయన బోర్డు చూపించేవాడు. స్కాను బాగుంది కదా, రూల్ రూలే అనేవాడు.

ఆ రెండేళ్ళూ ఛఠ్ పండక్కి పక్కింటి బిహారీ ఆంటీ చాటలో ప్రసాదం తెచ్చేది. గోధుమపిండి, బెల్లంతో చేసే ఠేకువా, కొబ్బరి, చెరుకుముక్క, తలకాయంత పంపరపనస. మందు వల్ల నాలుకకి అన్నీ మట్టి రుచిగా తోస్తున్న రోజుల్లో ఆ పంపరపనస తొనలు ఒక్కటే పులపుల్లగా, చల్లగా దిగేవి. పుండ్ల మీద మంట పుట్టినా వదల్లేదు. ఆవిడ నా ముచ్చట చూసి, పండగ అయ్యాక కూడా వాళ్ళ చెట్టువి రెండేసి పంపేది. మా ఆయనే ఒలిచి పెట్టేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మొన్న మార్చిలో మా ఆయనకి జలుబు చేసింది. రెండు నెలలుగా నా మేన్‌పవర్ మరీ తక్కువగా ఉండి, ఏడు రోజుల క్లోజర్ కాస్తా పద్నాలుగు రోజులకి పెరుగుతోంది. అలాంటప్పుడు తుమ్మేవాళ్ళ పక్కన నేను కూర్చోకూడదు. ఆయన పెట్టిన రూలు ఆయనకే అడ్డం తిరిగింది. మొదటిసారి నేను ఒక్కదాన్నే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ అలవాటుగా ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది. "కైసీ హైఁ ఆప్?" అంది. నేను మాస్కు తీసి నోరు తెరిచాను. ఆవిడ టార్చి వేసి చూసింది. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, నాలుక కింద. టార్చి ఆర్పి, ఇది ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. రెండేళ్ళు అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. చెప్పొద్దూ, ఒక మనిషికి నా గురించి కోపం రావడం ఎంత హాయిగా అనిపించిందో! అన్నీ చెప్పాను. ఎక్కాలు, వేళ్ళు, హెడ్‌మిస్ట్రెస్. మందు ఆపేయకండి అని కూడా చెప్పాను. ఆపడమెందుకు, డోసు ఒక మెట్టు తగ్గిస్తాను, చాలామందికి తగ్గిస్తాం, పని మాత్రం తగ్గదు, ఇంకా ఎక్కువ కాలం తట్టుకోగలుగుతారు అంది. నూట ఇరవై అయిదు ఉన్నది వంద రాసింది. నోటికి పుక్కిలించే మందు రాసింది. ఇన్నాళ్ళ బాధకి ఐదు నిమిషాలు పట్టింది.

లేస్తూ లేస్తూ ద్రాక్ష సంగతి అడిగాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టేబులు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు, అది పెద్ద నిమ్మజాతి పండు, ఇక్కడ దొరికే చకోతరా కూడా ఆ కుటుంబమే, అది మాత్రం ముట్టుకోకండి అంది. చకోతరా అంటే ఏమిటో నాకు తెలుసు. పంపరపనస. తినొచ్చన్నది మానిపించి, వద్దన్నది ఒలిచి పెట్టాడు మా ఆయన. పుండ్లకి అదీ ఒక కారణమై ఉండొచ్చంది ఆవిడ. దిగి వచ్చి ఆటో ఎక్కాను.

దారంతా తిట్లు సిద్ధం చేసుకున్నాను. మా కాలనీ మలుపులో తోపుడుబండి దగ్గర ఆటో ఆపించి, నల్లద్రాక్ష తూయించాను. ఒక చేతిలో ఆ సంచీ, ఇంకో చేతిలో కొత్త మందు డబ్బా పట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టి, రెండూ బల్ల మీద ఆయన ముందు పెట్టాను. ద్రాక్ష అంటే ద్రాక్ష కాదట, పంపరపనసట, ఇప్పుడేమంటారు అన్నాను. నేను ఊహించుకున్న గొడవలో ఆయన వాదించాలి, నేను గెలవాలి. ఆయన ద్రాక్ష వైపు చూడనే లేదు. డబ్బా తీసుకుని, తిప్పి, అంకె చూశాడు. "వందా?" అన్నాడు. తగ్గించింది అన్నాను. డబ్బా బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మర్నాటి నుంచి కొత్త డబ్బా మొదలు. ఆయన గ్లాసు పట్టుకుని రాలేదు. బోర్డు మీద పాత నెల రెండు గీతలే ఉన్నాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పీడా వదిలిందనుకోవాలి నిజానికి. పుక్కిలించే మందు కాస్త పనిచేస్తోంది, నా మాత్ర నేనే వేసుకుంటున్నాను, ద్రాక్షపళ్ళు తింటున్నాను. అయినా ఆ ఖాళీ గడి చూస్తే చిరాకేసేది. ఇది ఎక్కడి అలక, నేను గెలిస్తే ఇంత బాధా అనుకున్నాను.

నాలుగో రోజు బడి నుంచి వస్తుంటే పెద్దమ్మగారు ఫోన్ చేసింది. "అమ్మా, మీ ఆయన ప్రార్థన కూటంలో మోకాళ్ళ మీద పడి ఏడ్సాడమ్మా. డాక్టర్లు వొదిలేసారట కదా. మేమంతా ప్రార్థనలో పెట్టుకున్నాం. నువ్వు ధైర్యంగుండు" అంది. నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. వెనకనుంచి టెంపోవాడు హారను కొట్టి తిట్టాడు.

ఇంటికి వచ్చేసరికి ఆయన వంటింట్లో కింద కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుస్తున్నాడు. బ్యాగు కూడా దించలేదు నేను.

"డాక్టర్లు వదిలేశారని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవులు సెప్పాల? డబ్బా మీద లేదేటి?" తల ఎత్తలేదు.

"నోరు పుండైపోయిందని తగ్గించారు. పని తగ్గదు అంది ఆవిడ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అలాగే సెప్తారు. మాకూ అలాగే సెప్పినారు." వెల్లుల్లి రేకు చేతిలోనే ఉంది. "మా లైన్‌ల మూడొందలుండేది టార్గెట్టు. మీకు కట్టంగుంది, రెండొందలు సేసాం, ఆరాంగా సెయ్యండన్నారు. ఖుషీ అయిపోయి మేం లడ్డూలు పంచుకున్నాం. తరవాత నూరు సేసారు. మరి రెండ్నెల్లకి గేటు కాడ కాయితం అంటించినారు. లైన్ బంద్. టార్గెట్టు తగ్గించినారంటే ఇంక ఆ లైను వొద్దనుకున్నట్టే. ముప్పైమూడేళ్ళు సూసినాను, నాకు తెలీదేటి?"

ఆయన ఏడవడం నేనప్పుడు చూశాను. వెల్లుల్లి చేతుల్తో కళ్ళు తుడుచుకున్నాడు, దాంతో మంట పుట్టి మరీ ఎక్కువ కారాయి. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆయన సూపర్వైజరీ చేస్తున్నాడనుకున్నాను. ఆయన ఏ అంకె కిందికీ దిగకుండా కాపలా కాస్తున్నాడు. డాక్టరు ముందు అంతా బాగుందని అబద్ధమాడింది కూడా అందుకే. బాగాలేదంటే తగ్గిస్తారు. తగ్గిస్తే మూస్తారు.

బ్యాగు దించి ఎదురుగా కింద కూర్చున్నాను. నా మోకాళ్ళు కింద కూర్చోవడానికి ఒప్పుకోవు, అయినా కూర్చున్నాను. రెండేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు అన్నాను.

"ఇంకొక్క ఏడాది అని అందరికీ చెప్తున్నారు మీరు. ఇది అయిపోయేది కాదండీ. మొదటి రోజే చెప్పింది ఆవిడ. పనిచేసినంత కాలమే. దీనికి టార్గెట్ లేదు. మీరు వినలేదు."

"ఇన్నాను" అన్నాడు.

"వింటే మరి?"

"ఇన్నానే. ఇన్నాను కాబట్టే బోర్డు తీసినాను."

తర్వాత నన్ను పైకి లేపడానికి ఆయనకి, లేవడానికి నాకు చాలా తంటా అయింది. ఆయన చేతుల వెల్లుల్లి కంపంతా నా చీరకి అంటింది.

పెద్దమ్మగారికి ఫోన్ చేసి, నన్నెవరూ వదిలెయ్యలేదని ఆయన చేతే చెప్పించాను. ద్రాక్షరసం సంగతి కూడా చెప్పించాను. ఆవిడ నవ్విన నవ్వు స్పీకర్ పెట్టకుండానే నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున్న టిఫిను కాగానే గ్లాసు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏస్కున్నావేటి?" అన్నాడు. మళ్ళీ మొదలా అనుకున్నాను. మింగాను. ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి, టార్గెట్ కింద ఉన్న 21 అరచేత్తో తుడిచేశాడు. అక్కడ ఏమీ రాయలేదు. యాక్చువల్ కింద 5 అని రాశాడు. తర్వాత స్టూలు లాక్కుని, ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క అక్షరం రాయని మూడో గడి ముందు, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు.

"రిమార్క్సు ఏటి రాయమంటావు?"

"ఏముంది రాయడానికి? మామూలే."

"మామూలే అని రాయడానికి గడెందుకు? నోరెలాగుందో సెప్పు. సేతేళ్ళెలాగున్నాయో సెప్పు. మొత్తం సెప్పు."

బడికి టైమవుతోందన్నాను. కదల్లేదు. సరే అని కుడి బుగ్గ దగ్గర మొదలుపెట్టాను. పుండు ఎక్కడుందో, పొద్దున్న లైటరు నొక్కడానికి ఎన్నిసార్లు పట్టిందో, నిన్న పదిహేడో ఎక్కం ఎంత దూరం వెళ్ళగలిగానో చెప్పాను. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. ఆయన హిందీ బళ్ళో చదివినవాడు, తెలుగు ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తాడు. మూడు ముక్కలకే గడి నిండిపోయింది. అయినా ఆపకుండా, మిగిలింది బోర్డు కింద గోడ మీద రాయడం మొదలుపెట్టాడు. క్రిస్మస్‌కి రంగు వేయించిన గోడ. తిట్టాను. రాస్తూనే ఉన్నాడు.